ఆపేసిన జాబులకు సక్సెస్ అని చూపిస్తారా?

కస్టమర్ సపోర్ట్ వారికి,

నేను బెంగళూరులో ఫిజిక్స్ పీహెచ్‌డీ చేస్తున్నాను, ఉండేది యశ్వంతపురంలో. నిన్న ఫోన్‌లో మాట్లాడిన మీ మేడమ్ తెలుగువారే, జరిగిందంతా తెలుగులోనే రాసి పంపండి, పైవాళ్లకు నేను చెబుతాను అన్నారు కాబట్టి ఇలా రాస్తున్నాను. పోయిన నెల మీ దగ్గర అద్దెకు తీసుకున్న కంప్యూటర్ల మీద 2000 జాబులు, అంటే ఒక్కోటీ విడిగా నడిచే లెక్క, నడిపాను. వాటిలో 312 జాబులను ఆరు గంటలు దాటగానే మీ సిస్టమ్ ఆపేసింది. నేను డబ్బు కట్టిన ప్లాన్‌లో టైమ్ లిమిట్ అన్న మాటే లేదు. పైగా ఆపేసిన వాటి పక్కన కూడా పచ్చ టిక్కు పెట్టి ‘సక్సెస్’ అని చూపించారు.

“1688 వచ్చాయి కదండీ, సగటుకు అవి చాలవా” అన్నారు మేడమ్. చాలవండీ.

నేను లెక్క కడుతున్నది 20 స్పిన్ల (చిన్న అయస్కాంతాల్లాంటి క్వాంటమ్ కణాల) వరుస గురించి, దాని ఎనర్జీ చుట్టుపక్కలకు కారిపోతూ ఉంటుంది. ఇలాంటివాటికి 1976లో లిండ్‌బ్లాడ్ ఒకవైపు, గోరిని, కొసకోవ్‌స్కీ, మన కేరళలో పుట్టిన సుదర్శన్ ముగ్గురూ కలిసి మరోవైపు ఇచ్చిన సమీకరణం ఉంది. దాన్ని నేరుగా చెయ్యబోతే డెన్సిటీ మాట్రిక్స్‌లో, అంటే ఆ వరుస స్థితినంతా రాసుకునే పట్టికలో, లక్ష కోట్లకు పైగా సంకీర్ణ సంఖ్యలు, ఒక్కోదానికి 16 బైట్లు, అంటే 17 టెరాబైట్ల పైమాటే, అంత మెమరీ మా ల్యాబ్‌లో ఎక్కడిది? అందుకని ఒక్కో జాబులో ఒక్క వేవ్‌ఫంక్షనే (ఆ వరుసకు సాధ్యమయ్యే ఒక్క స్థితి వివరమే) పెట్టుకుంటాం, దానికి 17 మెగాబైట్లు చాలు. ఎప్పుడెప్పుడు జంప్ (ఎనర్జీ ఒక్కసారిగా బయటికి పోవడం) జరగాలో రాండమ్ నంబర్లు తేలుస్తాయి, అలాంటి వేల జాబుల సగటే మాకు జవాబు.

జంప్ వచ్చిన ప్రతిసారీ నా కోడ్ ఆ క్షణాన్ని వెతికి పట్టుకుని, చిన్న స్టెప్పుతో మళ్లీ మొదలుపెట్టాలి. కాబట్టి జంప్‌లు ఎక్కువున్న జాబే ఎక్కువసేపు నడుస్తుంది, ఆరు గంటల దగ్గర మీరు కోసేసినవి సరిగ్గా అవే! ఏవో 312 ఎలాపడితే అలా పోయుంటే ఎర్రర్ బార్ (సగటు ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చూపేది) ఓ 9 శాతం పెరిగేది, సర్దుకునేవాణ్ణి. ఇప్పుడు సగటే ఒక పక్కకు ఒరిగిపోయింది, మిగిలిన 1688ని ఎన్నిసార్లు కూడినా అది సరికాదు. జంప్‌ల లెక్క, లోపలి ఎనర్జీ సగటును బట్టి రావలసిన జంప్‌ల లెక్క, రెండూ కలవాలి. కలవలేదు. తప్పు నా కోడ్‌లోనే ఉందనుకుని పదకొండు రోజులు దాన్ని తిరగేశాను, 8 స్పిన్లకు నేరుగా చేసిన లెక్కతో పోల్చి చూస్తే చక్కగా సరిపోయింది. చివరికి అవుట్‌పుట్ ఫైళ్లు ఒక్కోటీ తెరిస్తే 312 సగంలో ఆగిపోయి కనిపించాయి. ఈలోగా ఆ గ్రాఫ్ మా గైడ్‌కు చూపించేశాను కూడా, ఆ మీటింగ్ తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంది.

ఆగిపోయిన ఆ 312తో సహా మొత్తం 2000 జాబులకూ బిల్లు వేశారు. అది ప్రాజెక్టు డబ్బు, ప్రతి రూపాయికీ నేను లెక్క చెప్పాలి. ఆ 312 జాబుల డబ్బు వెనక్కి ఇవ్వండి. వాటిని అవే సీడ్‌లతో (రాండమ్ నంబర్లు మళ్లీ అవే వచ్చేలా చేసే మొదటి అంకెలతో), లిమిట్ లేకుండా మళ్లీ నడుపుకునే వీలు ఇవ్వండి, మెషీన్ టైమ్ మీ ఖర్చే. ఏ జాబు ఎప్పుడు ఆపారో లాగ్‌లు పంపండి. ఆపిన జాబుకు ‘ఆపాం’ అని చూపించేలా మీ స్క్రీన్ మార్చండి, ఇదే ప్లాన్‌లో ఇంకెవరి జాబులు ఇలా ఆగిపోయాయో వాళ్లకు ఈ వారంలోనే మెయిల్ పెట్టండి, వాళ్లలో ఎవరైనా ఇప్పటికే పేపర్ పంపేసి ఉండొచ్చు.