తడిసిన స్కోరు పుస్తకాలను కాపాడిన మీ అందరికీ

పోయిన నెల గాలివానకు మన క్రికెట్ క్లబ్బు గది కప్పు కారి, స్కోరు పుస్తకాలున్న పెట్టెలోకి నీళ్లు చేరాయి. మర్నాడు పొద్దున పెట్టె తెరిచిన నాకు నోట మాట రాలేదు. సంగతి తెలిసిన గంటలోపే పదిమందికి పైగా వచ్చి నిలబడ్డారు. ఈ కృతజ్ఞతలు వారికి.

మా తాతయ్య, నాన్న, నేను, ఇప్పుడు మా అమ్మాయి, నాలుగు తరాలుగా ఈ క్లబ్బుకే ఆడుతున్నాం. టెస్టు క్రికెట్‌లో జార్జ్ హెడ్లీ, ఆయన కొడుకు రాన్, మనవడు డీన్ వరసగా మూడు తరాలవారు ఆడారు. వాళ్ల పరుగులన్నీ ఎన్నో పుస్తకాల్లో అచ్చయి ఉన్నాయి. మా తాతయ్య తీసిన వికెట్లకు మాత్రం ఆ పెట్టెలోని పుస్తకాలే ఆధారం.

ఎండలో పెట్టబోతున్న నన్ను ఆపిన గ్రంథాలయ ఉద్యోగికి మొదటి నమస్కారం. ఎండకు కాగితం వంకర్లు పోతుందని, రెండు రోజులు తడిగా ఉంటే బూజు పట్టడం మొదలవుతుందని చెప్పి, పేజీకీ పేజీకీ మధ్య అద్దుడు కాగితం పెట్టించి, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టించారు. తడిసిన కాగితాలు మార్చడానికి రెండు రాత్రులు వంతులవారీగా మేలుకున్న కుర్రాళ్ల రుణం నేను తీర్చుకోలేను.

పెన్సిల్‌తో రాసిన పేజీలు దాదాపు చెక్కుచెదరలేదు. పరుగు ఇవ్వని ఓవర్‌లో బంతికొకటిగా పెట్టిన ఆరు చుక్కలనూ కలిపి గీసే ‘ఎమ్’ గుర్తులు తాతయ్య పేరు పక్కన ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. సిరాతో రాసినవే కరిగిపోయాయి. అందులో ఒకటి తాతయ్య చివరి మ్యాచ్, నాన్న మొదటి మ్యాచ్ ఉన్న పేజీ. ఇద్దరూ కలిసి ఆడినది ఆ ఒక్కరోజే. నాన్న పేరు ఎదుట నీలి మరక తప్ప ఏమీ మిగల్లేదు.

మన పాత స్కోరర్‌గారు ఆ పేజీ ముందు ఒక సాయంత్రమంతా కూర్చున్నారు. జట్టు మొత్తంలోంచి మిగతావారి పరుగులు, ఎక్స్‌ట్రాలు (ఏ బ్యాటరు ఖాతాలోనూ పడని అదనపు పరుగులు) తీసేస్తే 14 వచ్చింది. బౌలర్లు ఇచ్చిన పరుగుల వైపు నుంచి సరిచూస్తే మూడు పరుగులు తేడా. నేను ఆశ వదులుకున్నాను. ఆయన వదల్లేదు. 1980ల మధ్య వరకు వైడ్లు, నోబాల్స్ అనే ఎక్స్‌ట్రాలను బౌలర్ల లెక్కలో వేసేవారు కాదని గుర్తుచేసుకుని, ఎక్స్‌ట్రాల గడిలో మూడు వైడ్లు చూపించారు. లెక్క సరిపోయింది. నాన్న తొలి స్కోరు 14 అని నాకు ఈ వయసులో తెలిసింది. నాన్న లేరు. ఆ అంకె చూసి చాలాసేపు అక్కడే ఉండిపోయాను, స్కోరర్‌గారు ఏమీ అనకుండా నా పక్కనే కూర్చున్నారు. అందుకు కూడా ఆయనకు కృతజ్ఞతలు.

కప్పు బాగుచేసినవారికి, పేజీలన్నీ ఫొటోలు తీసినవారికి, ఇనుప బీరువా ఇచ్చినవారికి పేరుపేరునా నమస్కారాలు. మీ ఇళ్లవాళ్ల పేర్లూ ఆ పుస్తకాల్లో ఉన్నాయి, వచ్చి చూసుకోండి. వచ్చే ఆదివారం మ్యాచ్‌కు కొత్త పుస్తకం మొదలుపెడుతున్నాం. మా అమ్మాయి బ్యాటింగ్ వంతు వచ్చేవరకు స్కోరు తనే రాస్తుంది, పెన్సిల్‌తో.