టీవీ ప్రసారంలోకి చేరుతున్న ఇంటర్నెట్ సంకేతం గురించి ఫిర్యాదు

అనంతపురం

సాంకేతిక సేవా విభాగాధికారి గారికి,

విషయం: మీ ఓఎల్‌టీ (ఫైబర్‌లోకి ఇంటర్నెట్‌ను పంపే యంత్రం) వల్ల తెల్లవారుజామున కేబుల్ టీవీ ప్రసారం చెడిపోవడం.

ఆర్యా,

మేము అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం మీదుగా శింగనమల వైపు పల్లెలకు ఒకే ఫైబర్ మీద టీవీని 1550 నానోమీటర్ల కాంతితోనూ, ఇంటర్నెట్‌ను మీ ఈపాన్ (ఫైబర్ ఇంటర్నెట్ పద్ధతుల్లో ఒకటి) ఓఎల్‌టీ పంపే 1490 నానోమీటర్ల కాంతితోనూ అందిస్తున్నాము. ఆ ఓఎల్‌టీని బిగించిన నాటి నుంచి, ఇంటర్నెట్ వాడకం బాగా తగ్గే తెల్లవారుజామున, 62.5 మెగాహెర్ట్జ్ పడే క్యారియర్‌లోని (కొన్ని ఛానెళ్లను కలిపి మోసే తరంగం) ఛానెళ్లు లైను చివరి ఇళ్లలో గళ్లుగళ్లుగా విరిగిపోతున్నాయి. పొద్దెక్కి వాడకం పెరిగేసరికి అవే ఛానెళ్లు కుదుటపడుతున్నాయి. అవి భక్తి ఛానెళ్లు కావడంతో, ఆ వేళ సుప్రభాతం కోసం టీవీ పెట్టుకునే పెద్దలకు మేము సమాధానం చెప్పుకోలేకపోతున్నాము.

లోపం మా స్ప్లైసులదో (ఫైబర్ అతుకులు), ఇళ్లలో ఫైబర్‌కు తగిలించే ఓఎన్‌యూ పెట్టెలో రెండు కాంతులను వేరుచేసే ఫిల్టర్లదో అని మీ సర్వీసు ఇంజనీరు గారు రాసి వెళ్లారు. దీన్ని మేము అంగీకరించము. స్ప్లైసుల లోపమైతే వేళను బట్టి మారదు. ఫిల్టరే 1490 కాంతిని టీవీ రిసీవర్‌లోకి వదులుతుంటే, అదే ఓఎన్‌యూను హెడ్‌ఎండ్‌లో (మా ప్రసార కేంద్రం) పొట్టి ప్యాచ్ కార్డుకు తగిలించి, లైను చివర అందేంత కాంతినే, కాంతిని తగ్గించే అటెన్యుయేటర్‌తో ఇచ్చి చూసినప్పుడు కూడా లోపం కనబడాలి. కనబడలేదు. పల్లెలో మాత్రం ఓఎల్‌టీలోని పాన్ పోర్టును (ఆ లైనుకు ఇంటర్నెట్ కాంతిని పంపేది) ఆపిన వెంటనే ఎంఈఆర్ (టీవీ సంకేతం నాణ్యతను చూపే కొలత) కోలుకుంది. కాబట్టి ఒక కాంతిలోని సంకేతం మరో కాంతికి అంటుకుంటున్నది పొడవైన ఫైబర్‌లోనే.

1928లో సి.వి. రామన్ గారు కనుగొన్న పరిక్షేపణమే ఫైబర్‌లో 1490 కాంతి శక్తిని కొంత 1550 కాంతికి చేరవేస్తుంది. పంపేందుకు డేటా లేనప్పుడు మీ ఓఎల్‌టీ 20 బిట్ల ఒకే వరుసను సెకనుకు 1.25 గిగాబిట్ల వేగంతో మళ్లీమళ్లీ పంపడం వల్ల, ఆ శక్తి విస్తరించి పలచబడకుండా 62.5 మెగాహెర్ట్జ్ వద్ద, దాని గుణిజాల వద్ద పోగుపడుతోంది. రెండు కాంతులూ వేర్వేరు వేగాలతో ప్రయాణిస్తాయి గనుక పై పౌనఃపున్యాల వద్ద ఈ ప్రభావం సన్నగిల్లుతుంది; దెబ్బ కింది ఛానెళ్లకే తగులుతుంది. ఆ క్యారియర్ స్థాయిని పెంచితే కొంత మేలు కలిగినా, లేజర్ మీద భారం ఎక్కువై మిగతా ఛానెళ్లు చెడుతున్నందున మానుకున్నాము.

ఖాళీ సమయంలో ఒకే వరుసకు బదులు క్రమం లేని డేటా ఫ్రేములను పంపే ఫర్మ్‌వేర్‌ను మీరే ఇవ్వాలి. టీవీ కాంతికి చేరే శక్తి తగ్గేలా, దగ్గరి గ్రామాలకు వెళ్లే పోర్టులకు తక్కువ శక్తి గల లేజర్ మాడ్యూళ్లను ఉచితంగా మార్చాలి. మా స్ప్లైసులను తప్పుపట్టిన నివేదికను ఉపసంహరించుకుని, ఆ సంగతి లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాము.

భవదీయుడు,
కేబుల్ టీవీ, ఇంటర్నెట్ నిర్వాహకుడు,
అనంతపురం.