బాలింతను కూడా పలకరించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఆసుపత్రిలో పురుడు పోసుకొని ఇంటికి చేరిన బాలింతను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లి చూసే పద్ధతి మన దేశంలో 2011 నుంచి ఉంది. వెళ్లినప్పుడల్లా బిడ్డ బరువు తూస్తారు, ఒంటి వేడి చూస్తారు, పాలు సరిగా తాగుతున్నదీ లేనిదీ రాసుకుంటారు. తల్లిని జ్వరం, రక్తస్రావం వంటి ప్రమాద సూచనల గురించి అడుగుతారు. ఎవరికీ చెప్పుకోకుండా లోలోపల కుంగిపోతున్న తల్లి ఆ ప్రశ్నలకు దొరకదు. ఈ లేఖ ఆమె గురించే.

నేను ప్రసూతి వార్డుల్లో నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. తొలి వారంలో బాలింతకు ఊరికే కన్నీళ్లు రావడం చాలామందిలో కనిపించేదే. రెండు వారాలు తిరక్కుండానే అది సర్దుకుంటుంది. అలా సర్దుకోకుండా, బిడ్డ పడుకున్నా తనకు కునుకు రాక, అన్నం సహించక, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాక, తన వల్ల ఏదీ కాదన్న నిరాశలో రోజులు గడుస్తుంటే అది జబ్బు. దానికి చికిత్స ఉంది. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి పరిశీలించి, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడిన సమీక్ష, బాలింతల్లో సుమారు 22 శాతం మందికి ఈ కుంగుబాటు ఉన్నట్టు అంచనా వేసింది. డబ్బు ఇబ్బందులు, ఇంట్లో హింస, భర్త అండ లేకపోవడం, ఆడపిల్ల పుట్టడం వంటివి ఈ ముప్పును పెంచుతున్నాయని కూడా చెప్పింది. ఆడపిల్ల అని తెలియగానే వార్డు బయటే ముఖం తిప్పుకున్న అత్తమామలను చూసినవారికి ఈ చివరి మాటకు వేరే రుజువు అక్కరలేదు.

మన ఇళ్లలో బాలింతను చూసుకునే పద్ధతులను నేను తక్కువ చేయను. పుట్టింట్లో ఒంటికి నూనె పట్టించి వేడినీళ్లు పోయడం, కాయం పెట్టడం, సాంబ్రాణి పొగ వేయడం, బరువు పనులు చేయనివ్వకపోవడం, వీటిలో విశ్రాంతీ ఉంది, అమ్మ ఆప్యాయతా ఉంది. అయితే "పండంటి బిడ్డను కన్నావు, ఇంకా ఏడుపేమిటి" అన్న మాట వినిపించేదీ ఆ ఇంట్లోనే. అది విన్న పిల్ల మళ్లీ నోరు విప్పదు. గాలి సోకిందనో దిష్టి తగిలిందనో తాయెత్తులు కట్టించేలోపు విలువైన వారాలు గడిచిపోతాయి. మూడో నెలలోనో అయిదో నెలలోనో అత్తవారింటికి చేరి, నిద్రలేని రాత్రులకు ఇంటి చాకిరీ తోడయ్యేసరికి ఆ 42 రోజులు ఎప్పుడో ముగిసి ఉంటాయి. కుంగుబాటు మాత్రం కాన్పయిన ఏడాదిలోపు ఎప్పుడైనా మొదలు కావచ్చు.

దీనికి ప్రతి ఊళ్లోనూ మానసిక వైద్యుడు ఉండాలని నేను కోరడం లేదు. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల్లో మన ఆశాల వంటి మహిళా ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, కుంగుబాటులో ఉన్న తల్లులతో ఇంటి దగ్గరే క్రమపద్ధతిలో మాట్లాడించారు. ఆరు నెలలకు ఆ తల్లుల్లో 23 శాతం మందిలోనే కుంగుబాటు మిగలగా, ఆ సాయం అందనివారిలో అది 53 శాతంగా ఉందని 2008లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. మన పల్లెలకు ఏమాత్రం దూరం కాని పల్లెల అనుభవం అది.

అందువల్ల ఆశా సందర్శనల్లోనూ, బిడ్డకు 6, 10, 14 వారాల టీకాలు వేయించడానికి తల్లి వచ్చినప్పుడూ, ఈ నెలలో మనసు దిగులుగా, నిరాశగా ఉంటోందా, దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా అన్న రెండు ప్రశ్నలు అడగడాన్ని తప్పనిసరి చేయండి. అత్తగారో భర్తో పక్కన లేకుండా అడగాలన్న నియమం కూడా పెట్టండి. అవునన్న తల్లికి, బాలింత కుంగుబాటును గుర్తించడానికి వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని పది ప్రశ్నలు అడిగి, అవసరమైతే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమ వైద్యుడి దగ్గరకు పంపే బాధ్యత పీహెచ్‌సీ వైద్యాధికారికి అప్పగించండి. ఇప్పటికే పనిభారంతో నలిగిపోతున్న ఆశాలకు ఈ పనికి ప్రత్యేక పారితోషికం ఇవ్వకపోతే అది కాగితం మీదే మిగులుతుంది. పాలిచ్చే తల్లికి మందులు వాడకూడదన్న అపోహ ఇంకా ఉంది; కుంగుబాటుకు ఇచ్చే సెర్ట్రాలిన్ వంటి మందులను పాలిస్తూనే వైద్యుల పర్యవేక్షణలో వాడవచ్చని కింది స్థాయి దాకా తెలియజేయండి. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం అందించే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416ను తల్లీబిడ్డల కార్డు మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి.

వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి మతిస్థిమితం పూర్తిగా తప్పుతుంది. అది అత్యవసర పరిస్థితి. చికిత్స పొందుతున్న తల్లిని మూడేళ్లలోపు బిడ్డ నుంచి మామూలుగా వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే విభాగం 2009 నుంచి నడుస్తోంది. విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ, బోధనాసుపత్రుల్లోనూ అలాంటి పడకలు కొన్ని కేటాయించండి.

ఇంకొక్క విన్నపం. పురిట్లోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లికి పాలు వస్తూనే ఉంటాయి, కుట్లు సలుపుతూనే ఉంటాయి. తూచడానికి బిడ్డ లేదు కనుక ఆమె గడప తొక్కడానికి అందరూ వెనుకాడడం నేను చూశాను. మీరు జారీ చేసే ఉత్తర్వుల్లో ఆ తల్లి ఇంటికి కూడా ఆరుసార్లూ వెళ్లాలని విడిగా ఒక వాక్యం రాయించండి.

భవదీయురాలు,
పదవీ విరమణ చేసిన ఒక స్టాఫ్ నర్సు