బుజ్జీ, ముందు ఫోన్ ఎత్తు

బుజ్జీ,

రికార్డు ప్లేయర్ గురించి అడిగావు, నేను వాయిస్ మెసేజ్ పెట్టాను, నీలం టిక్కులు పడ్డాయి, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. బిజీగా ఉన్నావేమో. నీ ఉద్యోగం గురించి సుందరి అత్తయ్య నిన్న ఏదో అందిలే, ఆవిడ మాటలు నేను పట్టించుకోను. నేను రాసేది సూది గురించే.

పాడేవాళ్ళ గొంతు మధ్యలో కాకుండా కుడివైపుకి జరిగినట్టుంది అన్నావు కదా. వెంటనే స్క్రూలు విప్పకు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, ఆంప్లిఫయర్ వెనక, ప్లేయర్ నుంచి వచ్చే లెఫ్టూ రైటూ వైర్లు మార్చి పెట్టి విను. గొంతు ఎడమకి వస్తే తేడా ప్లేయర్ దగ్గరుంది, అక్కడే ఉంటే ఆంప్లిఫయరో స్పీకరో. ఏదైనా సరే, కారణం తెలియకుండా ఉన్నదాన్ని విప్పేయకూడదు, ఉద్యోగమైనా అంతే. సరే, అది వదిలెయ్.

1958 నుంచి వచ్చిన స్టీరియో రికార్డుల్లో గాడికి రెండు గోడలు, లోపలిది ఎడమ చానెల్, బయటిది కుడి, రెండూ 45 డిగ్రీల వాలు. ఎదురుగా నిలబడి చూస్తే సూది నిటారుగా దిగాలి. ఒక పక్కకి ఒరిగితే ఒక చానెల్ శబ్దం రెండోదాంట్లోకి కారుతుంది. అజిమత్ అంటే ఇదే.

నువ్వు పుట్టకముందు కోఠీ నుంచి ఒక భాయ్ వచ్చేవాడు. తాతయ్య దగ్గరున్న పాత మోనో రికార్డు వేయించి, సూది బిగించి ఉండే డబ్బా, అదే కార్ట్రిడ్జ్, దాని వెనక ఎరుపూ ఆకుపచ్చా వైర్లు తారుమారు చేసి, రెండు చానెళ్ళనీ కలిపే మోనో బటన్ నొక్కాడు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పాట మాయం! చిటపటలు మాత్రం మిగిలాయి, వెనకాల ఎక్కడో సన్నగా గొంతు. బామ్మ పిండి చేతులతో బయటికొచ్చి "డబ్బులిచ్చి పాట తీయించుకుంటున్నారా?" అంది. భాయ్ నవ్వకుండా, కార్ట్రిడ్జ్‌ని పట్టుకునే హెడ్‌షెల్‌ని వెంట్రుకవాసి తిప్పుతాడు, గొంతు లేస్తుంది, వెనక్కి తిప్పుతాడు, తగ్గుతుంది. బాగా సన్నబడిన చోట స్క్రూ బిగించి, వైర్లు మళ్ళీ యథాప్రకారం పెట్టేశాడు. రెండు చానెళ్ళ లెవెల్ సమానంగా ఉంటేనే ఈ కిటుకు పనికొస్తుందనీ చెప్పాడు. ఏదో ఫ్యాక్టరీలో పని వదిలేసి ఈ రిపేర్లలోకి దిగాడట, వాళ్ళ నాన్నకి ఎవరో బయటివాళ్ళు చెబితే తెలిసిందట. ఊరికే గుర్తొచ్చింది.

నువ్వు ఆ వైర్ల జోలికి వెళ్ళకు, పిన్నులు విరుగుతాయి. ముందు సూది రికార్డు మీద ఎంత బరువు మోపాలని కంపెనీ చెప్పిందో అంతే ఉందా సరిచూసుకో. మోటారు ఆపి, రికార్డు పెట్టే పళ్ళెం, అదే ప్లాటర్ మీద రికార్డంత పల్చటి అద్దం ముక్క పెట్టి, సూదిని మెల్లగా దించి, ఎదురుగా వంగి చూడు. కార్ట్రిడ్జ్ డబ్బాని కాదు, సూదినే చూడు, డబ్బా నిటారుగా ఉన్నా సూది ఒరిగి ఉండొచ్చు. సూదీ దాని ప్రతిబింబమూ కలిసి ఒకే గీతగా కనిపించాలి, కలిసే చోట వంగితే సరిగ్గా లేనట్టే. నీ హెడ్‌షెల్ తిరగని రకమైతే ఒక పక్క స్క్రూ కింద పల్చటి కాగితం ముక్క పెడితే చాలు. స్క్రూ తిప్పేటప్పుడు సూదికి మూత పెట్టు. కళ్ళజోడు పెట్టుకునే చెయ్యి. రాత్రి పూట, తిండి మానేసి అస్సలు వద్దు.

నేనేమీ అనను, ఉద్యోగం ఉంటే ఉందను, లేకపోతే లేదను, అంతే కదా. డబ్బులు కావాలంటే చెప్పు, అత్తయ్యకి తెలియనివ్వను. మీ అమ్మ చల్ల మిరపకాయలూ కందిపొడీ పుణెకి కొరియర్ చేసింది, పాత అడ్రసుకే. అక్కడే ఉంటున్నావు కదా?

నాన్న