కొత్త ఉక్కుతో చేసిన కెరిస్

కౌలాలంపూర్

ప్రియమైన వేణూ,

నీ ఉత్తరం అందింది. మలేసియాలోని తెరెంగాను రాష్ట్రంలో ఒక యువ కమ్మరి చేత నేను చేయించుకుంటున్న మలయ్ బాకు ఫొటోలు చూసి, "ఇది అసలైన కెరిసేనా, లేక కెరిస్‌కు నకలా?" అని అడిగావు. నా దృష్టిలో అది అసలైనదే. అయితే ఎందుకలా అంటున్నానో వివరంగా రాయకపోతే నీవు ఒప్పుకోవని తెలుసు కనుక, ఈ ఉత్తరం కాస్త పొడవైనా ఓపికతో చదువు.

ముందు ఆకారం గురించి చెబుతాను. మామూలు బాకును నిలువునా రెండుగా కోస్తే రెండు సగాలూ ఒకేలా ఉంటాయి; కెరిస్ అలా ఉండదు. దాని అలుగు పిడిని సమీపించేసరికి ఒక పక్కకు ఎక్కువగా విస్తరిస్తుంది, ఆ విస్తరించిన చోట ఏనుగు తొండమని పిలిచే చిన్న కొక్కెం వంపు తిరిగి ఉంటుంది, దాని అడుగున గంజా అనే పట్టీ అమరి ఉంటుంది. అలుగు తిన్నగానైనా ఉండవచ్చు, మెలికలు తిరిగైనా ఉండవచ్చు. మెలికలుంటే మాత్రం వాటి సంఖ్య బేసి సంఖ్యే కావాలి. పొడవడానికి పుట్టిన ఆయుధం కనుక పిడి కూడా అరచేతిలో ఒరిగినట్లు వంగి ఉంటుంది. ఈ నియమాలు పాటించకుండా, రెండు వైపులా సమానమైన బాకుకు నాలుగు మెలికలు పెట్టి కెరిస్ అని అమ్మేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇక లోహం మాటకొస్తే, అది ఎప్పుడూ ఒక్కటిగా లేదు. కెరిస్ పుట్టిల్లయిన జావాలో మామూలు ఇనుమును, నికెల్ ఉన్న ఇనుమును పొరలుగా పేర్చి, కాచి, అతికి, మధ్యలో ఉక్కు పలకను ఉంచి అలుగు చేసేవారు. నిమ్మరసం, ఆర్సెనిక్ కలిపి రుద్దితే ఇనుము నల్లబడుతుంది, నికెల్ పొర తెల్లగా మిగులుతుంది. ఆ గీతల అల్లికే పామోర్. 18వ శతాబ్దంలో ప్రంబనన్ దగ్గర దొరికిన ఉల్కా శకలాన్ని సురకర్త రాజభవనానికి తరలించి, అందులోని ఇనుమును ఆస్థాన కమ్మరులు వాడుకున్నారు. ఆ తరువాత ఐరోపా నుంచి వచ్చిన నికెల్‌ను కూడా వారు కాదనలేదు. మన తెలంగాణలోని కోనసముద్రంలో పూర్వం తయారైన ఉక్కు మీది గీతలు మూసలో కరిగి చల్లారేటప్పుడు లోపలే ఏర్పడినవి; పామోర్ గీతలను మాత్రం కమ్మరి తన సమ్మెటతో ఒక్కొక్క మడతగా కల్పించాలి.

నా కెరిస్ చేస్తున్న కుర్రవాడు 1095 అనే రకం కర్బన ఉక్కును, సుమారు 2 శాతం నికెల్ ఉండే 15ఎన్20 అనే రకం ఉక్కును కలిపి అతుకుతున్నాడు, ఆర్సెనిక్‌కు బదులు ఫెర్రిక్ క్లోరైడ్ వాడతాడు. ఉల్కను వాడిన వారి వారసుడు కర్మాగారపు ఉక్కును వాడితే తప్పేమిటి? నేను పట్టుబట్టింది ఒక్క విషయంలోనే: మెలికలను గ్రైండర్‌తో కోసి తీయకూడదు, ఎర్రగా కాల్చి దాగలి మీద వంచాలి. పలకలోంచి మెలికను కోస్తే పొరలు మధ్యలో తెగిపోతాయి. వంచితే పామోర్ గీత కూడా అలుగుతోపాటు వంపు తిరుగుతుంది. అతడు నేను అడగకముందే అలా మొదలుపెట్టాడు. ఆ క్షణంలోనే అతడి మీద నాకు గురి కుదిరింది.

కొత్తగా చేసినదానికి గౌరవం ఉండదని నీవు రాసిన మాటతో నేను ఏకీభవించను. మలేసియా రాజు పట్టాభిషేకంలో ఒర నుంచి తీసి ముద్దు పెట్టుకునే పొడవాటి రాచ కెరిస్‌ను, పదకొండు రాష్ట్రాల కెరిస్‌ల నుంచి తీసిన ఉక్కును కలిపి చేశారు. కొత్త దేశానికి కొత్త కెరిస్ అవసరమైనప్పుడు దానిని తయారు చేసుకున్నారు గానీ, పాతదానినే వెతుక్కోలేదు.

నీకు తప్పక నచ్చే సంగతి ఒకటుంది. జావాలో 15వ శతాబ్దపు సుకుహ్ ఆలయంలో ఒక శిల్పం ఉంది: భీముడు కొలిమి దగ్గర ఆయుధాలు చేస్తుంటే, అర్జునుడు గాలి కొడుతుంటాడు, వారిద్దరి మధ్య వినాయకుడు నాట్యమాడుతుంటాడు. మన భీముణ్ణి వారు కమ్మరిగా చూసుకున్నారంటే ఆ వృత్తికి ఎంత పెద్దపీట వేశారో ఆలోచించు.

కమ్మరికీ నాకూ తేడా వచ్చింది పిడి దగ్గరే. అతడు ఎపాక్సీ జిగురుతో శాశ్వతంగా అతికిస్తానంటాడు. పిడిలోకి దూరే అలుగు కొనకు, అంటే తోకకు, గుడ్డపేలిక చుట్టి బిగించమని నేనంటాను. ఇక్కడి తేమకు పిడి లోపలి తోక తుప్పు పడితే, పిడి ఊడదీయగలిగితేనే శుభ్రం చేయగలం. చివరికి నా మాటే నెగ్గింది. పిడికి కెమునింగ్ కర్ర అనుకున్నాం; అది మన కరివేపాకు కుటుంబపు చెట్టే, పసుపు ఛాయతో నునుపు తేలుతుంది. చలిజ్వరంతో చేతులు ముడుచుకుని కూర్చున్న మనిషిని పోలిన 'జావా దెమామ్' పిడి చెక్కించాలా, లకుముకి పిట్ట ముక్కు పొడుచుకొచ్చిన పిడి చెక్కించాలా అన్నది ఇంకా తేలలేదు. నా మనసు మొదటిదాని వైపే ఉంది, కానీ చెక్కపని తెలిసినవాడివి కనుక నీ అభిప్రాయం కావాలి. అలుగు పూర్తయ్యాక దానికి సరిపడేలా ఒర చెక్కడం మొదలవుతుంది. ఆలోపే పిడి సంగతి చెప్పాలి కాబట్టి వెంటనే జవాబు రాయి.

చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ
రఘు