నాన్నకి గడ్డం గీసిన ఆ అబ్బాయికి

నాన్న పోయారని తెలిసి వచ్చినవాళ్ళకీ, ఫోన్లు చేసినవాళ్ళకీ పేరుపేరునా నమస్కారాలు. చాలామందికి తిరిగి ఫోన్ చెయ్యలేకపోయాను, ఏమీ అనుకోకండి. నిద్ర లేదు, మాట్లాడబోతే గొంతు పూడుకుపోతోంది. అందుకే రాస్తున్నా.

ముఖ్యంగా ఒక్కరి కోసం. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే వార్డుబాయ్. పేరు రాయొద్దన్నాడు, పైవాళ్ళు ఏమంటారోనని.

నాన్న ఫైర్‌మన్‌గా చేరి లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యారు. రోజూ పొద్దున్నే గడ్డం గీసుకోవాల్సిందే. సోకు కోసం కాదు. పొగలోకి వెళ్ళేటప్పుడు బీఏ సెట్టు, అంటే ఊపిరికి గాలి అందించే పరికరం, దాని మాస్కు మొహానికి అతుక్కుని కూర్చోవాలి. గడ్డం మాసి ఉంటే అంచుల్లోంచి పొగ దూరిపోతుంది. రిటైరయ్యాక మాస్కు పోయింది గానీ అలవాటు పోలేదు. మా పాప పుట్టాక అదో పరీక్ష అయింది. బడికెళ్ళే ముందు తాతయ్య బుగ్గ తడిమి "పాస్" అనాలి. గరుగ్గా తగిలి "ఫెయిల్" అందంటే, నిజంగానే మళ్ళీ వెళ్ళి గీసుకునేవారు.

చివర్లో చేతులు వణికి రేజరు నిలిచేది కాదు. నేను గీస్తానంటే ఒప్పుకోలేదు, కూతురి చేత గడ్డం గీయించుకోవడమేంటని. పాప మర్నాడు చూడ్డానికొస్తుందనగా, ఆ అబ్బాయి దుప్పటి మార్చడానికొచ్చి, నాన్న మాటిమాటికీ చెంప తడుముకోవడం చూశాడు. "ఏంటి పెద్దాయనా?" అని వంగి అడిగాడు. నాన్న ఏం చెప్పారో నాకు వినపడలేదు. తెల్లారి డ్యూటీ దిగాక ఇంటికి పోకుండా, మగ్గులో గోరువెచ్చని నీళ్ళూ కొత్త బ్లేడూ పట్టుకుని వచ్చాడు. ముక్కు దగ్గరి ఆక్సిజన్ గొట్టాన్ని ఒక వేలితో ఎత్తిపట్టి, దాని కింద మెల్లిమెల్లిగా గీశాడు. తుడిచి, బుగ్గ మీద చెయ్యి రాసి, "పాస్ సార్" అన్నాడు.

నాన్న చెప్పిందేమిటో అప్పుడర్థమైంది. వరండాలోకి పోయి ఏడ్చాను. నాన్న పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. డబ్బివ్వబోతే "మా పనే కదమ్మా" అన్నాడు. కాదు బాబూ, నీ పని కాదది.

పాపకి రాజకుమారి కథలు నేను చెప్పాను. నాన్న చెప్పింది 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలిన ఓడ కథ. "పత్తీ, పేలుడు సామానూ ఒకే ఓడలో ఎవడైనా ఎక్కిస్తాడా!" అని చెప్పిన ప్రతిసారీ కొత్తగా కోప్పడేవారు. పాప జడ రిబ్బన్లు కూడా హోస్ పైపుకి చుట్టినట్టు డచ్ రోల్ చుట్టేవారు, సగానికి మడిచి, రెండు కొసలూ పైకొచ్చేలా.

ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నాన్నది మూత్రాశయ క్యాన్సర్. 2022లో ఐఏఆర్‌సీ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఫైర్‌మన్ ఉద్యోగాన్నే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో, అంటే మనుషులకి క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో, చేర్చింది. తగిన ఆధారాలున్నాయని చెప్పిన వాటిలో ఈ క్యాన్సరూ ఉంది. ఈ జబ్బు ఉద్యోగం వల్లే వచ్చిందని ఆఫీసులో ఇచ్చిన ఫైల్లో ఆ కాగితం ప్రింటు తీసి పెడితే, అక్కడివాళ్ళు "రిటైరయ్యాక వచ్చిన జబ్బు కదమ్మా, ఉద్యోగం వల్లేనని రుజువేది?" అన్నారు. మంట ఆరిపోయాక శిథిలాలు తిరగేసేటప్పుడు, పొగ లేదు కదా అని మాస్కులు తీసేసేవాళ్ళమని నాన్నే చెప్పేవారు. మసి యూనిఫాం అమ్మ ఇంట్లోనే ఉతికేది. ఏ మసిలో వెతకమంటారు రుజువు? ఫైలు ఇంకా అక్కడే ఉంది. సరే, ఇది దానికి చోటు కాదు.

అమ్మ, అన్నయ్య, వదిన, మావారు. వీళ్ళకి ఇక్కడ థ్యాంక్స్ చెబితే తిడతారు.

నాన్నతో పనిచేసినవాళ్ళు, మోకాళ్ళ నొప్పులతోనే వచ్చి, చివరిదాకా నిలబడే ఉన్నారు. మీ అందరికీ దణ్ణాలు.

అయ్యో, పక్క బెడ్డు ఆంటీని మర్చేపోయాను. ఫోను చార్జరు మా దగ్గరే వదిలేసి డిశ్చార్జయిపోయారు. అంబులెన్సు డ్రైవరు గారికీ, నర్సమ్మలకీ కూడా. రక్తం ఇచ్చిన ముగ్గురు కుర్రాళ్ళకీ. వాళ్ళలో చివర ఇచ్చిన బాబు డోనర్ కార్డు నా బ్యాగులోనే ఉండిపోయింది. ఎవరికైనా తెలిసినవాడైతే నాకు మెసేజ్ పెట్టమనండి, తెచ్చిస్తాను.