‘ట్రస్టెడ్ సైట్స్’లో చేర్చమని చెబితే సరిపోదు

సంపాదకులకు,

టెండరు వేయాలన్నా, దరఖాస్తుపై డిజిటల్ సంతకం పెట్టాలన్నా పాత ప్రభుత్వ పోర్టళ్ల మాన్యువళ్లు ముందుగా చెప్పేది ఒకటే: మా సైటును ట్రస్టెడ్ సైట్స్‌లో (విండోస్ ఇంటర్నెట్ ఆప్షన్స్‌లోని నమ్మకమైన సైట్ల జాబితాలో) చేర్చండి, కస్టమ్ లెవెల్‌లోకి వెళ్లి యాక్టివ్‌ఎక్స్ (సైట్లు మన కంప్యూటర్లో నడిపే చిన్న ప్రోగ్రాములు) ఆప్షన్లన్నీ ఎనేబుల్ చేయండి. విండోస్ సైట్లను నమ్మకాన్ని బట్టి జోన్లుగా విడదీస్తుంది; ఏ జోన్‌లో చేయాలో మాత్రం చెప్పరు. సెక్యూరిటీ ట్యాబ్ తెరవగానే ముందుగా ఎంపికై ఉండేది ఇంటర్నెట్ జోన్. అదే వరుసలోని ట్రస్టెడ్ సైట్స్ బొమ్మను నొక్కకుండా ఆప్షన్లు మార్చేస్తే, ఒక్క పోర్టల్‌కు ఇవ్వాల్సిన చనువు లోకంలోని సైట్లన్నిటికీ ఇచ్చినట్టే.

ఈ జాబితాను వాడిన పాత బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15నే ఆగిపోయింది కదా, ఇంకా ఈ జాబితా ఎందుకు అనుకోవద్దు. విండోస్ 10, 11లో ఆ జాబితా అలాగే ఉంది, పని కూడా చేస్తోంది. క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో ఎక్సెల్ ఫైలు డౌన్‌లోడ్ చేస్తే అది ఏ జోన్ నుంచి వచ్చిందో విండోస్ గుర్తు వేస్తుంది. మామూలు సైటుదైతే 3. ఆ అంకెను చూసే ఎక్సెల్ ఫైలును ప్రొటెక్టెడ్ వ్యూలో (చదవడానికి మాత్రమే వీలుండేలా) తెరుస్తుంది, మాక్రోలుంటే (ఫైలులోనే ఉండే చిన్న ప్రోగ్రాములు) ఎర్ర పట్టీతో ఆపేస్తుంది. సైటు ట్రస్టెడ్ జాబితాలో ఉంటే అది జోన్ 2. అప్పుడు ప్రొటెక్టెడ్ వ్యూ ఉండదు, ఎర్ర పట్టీ స్థానంలో ఒక్క నొక్కుతో మాక్రోలు నడిచే బటన్ వస్తుంది. రేపు ఆ పోర్టల్‌లోకే ఎవరైనా చొరబడి పాడు ఫైలు పెడితే అడ్డుకునే మొదటి గోడ మనమే కూల్చుకున్నట్టు.

సైట్స్ బటన్ నొక్కితే వచ్చే చిన్న పెట్టెలో అడుగున ఒక టిక్ ఉంటుంది: ఈ జోన్‌లోని సైట్లన్నిటికీ హెచ్‌టీటీపీఎస్ (దారిలో ఎవరూ మార్చకుండా కాపాడే కనెక్షన్) తప్పనిసరి అని. చిరునామాకు ముందు హెచ్‌టీటీపీఎస్ లేకుండా టైప్ చేస్తే ఎర్రర్ వస్తుంది. చిరునామా సరిచేయాల్సింది పోయి టిక్ తీసేస్తారు. దాంతో మధ్యలో వైఫైని పట్టుకున్నవాడు ఆ సైటు పేరుతో ఏ పేజీ పంపినా అదీ నమ్మకస్తుల లెక్కలోకే వస్తుంది. నక్షత్రం గుర్తు పెట్టి తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్ అని చేర్చడం కూడా తప్పే. ఆ డొమైన్ కింద ఎన్నో శాఖల సైట్లున్నాయి, అందులో ఒక్కటి బలహీనంగా ఉన్నా చాలు. కావాల్సిన సైటు పూర్తి పేరే రాయాలి.

ఎడ్జ్‌లో ఐఈ మోడ్ (పాత ఎక్స్‌ప్లోరర్ పేజీలను తెరిచే పద్ధతి) వాడేవారికి ఇంకో చిక్కు. మనం చేర్చిన పేజీ మామూలుగా 30 రోజులకు ఆ మోడ్ జాబితా నుంచి దానంతటదే పోతుంది. నెల తిరిగాక డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ పనిచేయడం లేదని భద్రతను మరో మెట్టు దించుతారు. చేయాల్సింది సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ తెరిచి ఆ పేజీని మళ్లీ చేర్చడమే.

పాత చిరునామాల సంగతి ఎవరూ పట్టించుకోరు. రిజర్వు బ్యాంకు ఆదేశంతో బ్యాంకులు 2025 అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాల్సి వచ్చింది. ఆఫీసు కంప్యూటర్లలో పాత పేర్లను తీసేసినవాళ్లు ఎందరు? వదిలేసిన డొమైన్ గడువు తీరితే ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాడు మన జాబితాలో ముందే నమ్మకస్తుడై కూర్చుంటాడు.

రెండు తెలుగు రాష్ట్రాల శాఖలకు మా విన్నపం: మాన్యువల్‌లో పూర్తి హెచ్‌టీటీపీఎస్ చిరునామా ఇవ్వండి. ఏ ఆప్షన్ ఎందుకు మార్చాలో ఒక్కొక్కటీ రాయండి. పని అయ్యాక రిమూవ్ నొక్కి, రీసెట్ ఆల్ జోన్స్ టు డిఫాల్ట్ లెవెల్ చేయమని కూడా చెప్పండి. రీసెట్ ఒక్కటే చేస్తే స్థాయిలు మామూలుకు వస్తాయి గానీ జాబితాలోని పేర్లు పోవు. మాన్యువల్‌ను చివరిసారి ఎప్పుడు సరిచూశారో మొదటి పేజీలోనే తేదీ వేయండి.

— డిజిటల్ సంతకాల పనులు చూసే కంప్యూటర్ నిర్వాహకులు, వరంగల్